కత్తెర పడిన తేదీ

జంషెడ్‌పూర్ (మాకు టాటా) గోల్‌మురిలో మా క్వార్టర్ వెనక పందిరి మీద ఒకే ఒక్క ద్రాక్ష తీగ ఉంది. రకం అనాబ్-ఎ-షాహీ. మేడ్చల్ దగ్గర ద్రాక్షతోటలో ఏళ్ల తరబడి పనిచేసిన మా మేనమామ కొమ్మ ముక్కల్ని తడి గోనెలో చుట్టి రైల్లో తెచ్చి నాటాడు. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ హైదరాబాద్‌కు పరిచయం చేసిన రకమిది. అక్కడి తక్కువ వానలకు అలవాటుపడ్డ తీగ, మా టాటాలో తడవడం నేర్చుకోవాల్సి వచ్చింది.

చలిదేశాల్లో ద్రాక్ష శీతకాలం ఆకు రాల్చి నిద్రపోతుంది. మన ఎండల్లో దానికి ఆ నిద్ర లేదు. అందుకే ఏడాదికి రెండు కత్తిరింపులు: ఏప్రిల్‌లో కొమ్మ కోసం, అక్టోబర్‌లో కాయ కోసం.

మొదట్లో నా ధ్యాసంతా అక్టోబర్ మీదే. 2013లో తొందరపడి సెప్టెంబర్ చివర్లోనే కత్తెర వేశాను. దుర్గాపూజ నాటికి లేత చిగుళ్లు. అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సిక్కోలు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఇళ్లన్నీ ఊళ్లోవాళ్ల క్షేమం కోసం ఫోన్లు చేస్తుంటే, ఆ వాన మా మీదికే వచ్చింది. కొద్ది రోజులకే ఆకుల పైన నూనె మరకలు, అడుగున తెల్లటి పొర. మజ్జిగ తెగులు. అప్పుడు పరుగున మైలుతుత్తం, సున్నం కలిపి బోర్డో మిశ్రమం చల్లాను. 1885లో ఫ్రాన్స్‌లో మిల్లార్డే లోకానికి చెప్పిన మందు అది. ఆకు మీద ముందే ఉంటే తెగులును రానివ్వదు. వచ్చాక చల్లితే పోయిన ఆకు తిరిగి రాదు.

మరుసటి ఏడు నవంబర్ దాకా ఆగాను. డిసెంబర్ చలికి తీగ ముడుచుకుంది, కాయ ఆలస్యమైంది. తీపి ఎక్కే వేళకి కాలబైశాఖి అనే వేసవి గాలివాన వచ్చి వడగళ్లు పడ్డాయి.

ఆ తర్వాతి ఏడు అక్టోబర్ అన్నివిధాలా కలిసొచ్చింది. వాన సరిగ్గా ఆగింది, చిగురు ఆరోగ్యంగా వచ్చింది. గుత్తి మాత్రం ఒక్కటి లేదు. అన్నీ నులితీగలే. మామయ్యకి ఫోన్ చేశాను.

"అమ్మాయ్, వేసవి కత్తిరింపు ఎప్పుడు చేశావు?"

"మే నెలాఖర్న, మామయ్యా."

"ఇంకేం ఉంది, గుత్తి అప్పుడే పోయింది."

ఆ మాట నాకు కొత్త. గుత్తి, నులితీగ పుట్టేది ఒకే రకం మొలక నుంచి. ఏది అవుతుందన్నది వేసవి కత్తిరింపు తర్వాత సుమారు నలభయ్యో రోజు నుంచి డెబ్భయ్యో రోజు లోపల, మొగ్గ ఇంకా కంటికి ఆనని దశలోనే చాలావరకు తేలిపోతుంది. అప్పుడు దానికి కావాల్సింది మంచి వెలుతురు, వేడి. నేను ఆలస్యం చేయడంతో ఆ రోజులు కాస్తా జులై మబ్బుల్లో పడ్డాయి. మార్చిలో తినాల్సిన పండును నేను అంతకు ముందు జులైలోనే పోగొట్టుకున్నాను.

అందరూ అక్టోబర్ వానను తిడతారు. నా లెక్కలో అంతకన్నా పెద్దది మే ఎండ. మా వైపు రుతుపవనాలు జూన్ మధ్యలో వస్తాయి. ఏప్రిల్ మొదట్లోనే కత్తిరిస్తే మొగ్గకు ఆ మబ్బులకు ముందే నెల రోజుల గట్టి ఎండ దక్కుతుంది.

టాటాలో మీ పెరట్లోనూ ద్రాక్ష తీగ ఉంటే, ఈసారి ఏప్రిల్ మొదటి వారం దాటనివ్వకండి.