కంగారూ మాతృసంరక్షణ: సామాజిక, ఆర్థిక కోణాలు - అమ్రాబాద్ నేపథ్యంలో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

గర్భకాలం 37 వారాలు నిండకముందే జన్మించిన శిశువును తల్లి రొమ్ముల మధ్య నిలువుగా, చర్మానికి చర్మం తాకేలా ఉంచి, శరీరపు వెచ్చదనాన్నీ తల్లిపాలనూ అందించే పద్ధతిని 'కంగారూ మాతృసంరక్షణ' అంటారు. ఇంక్యుబేటర్లు చాలక ఒకే యంత్రంలో ఇద్దరు ముగ్గురు శిశువులను ఉంచవలసి వచ్చిన పరిస్థితుల్లో, 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో డాక్టర్ ఎడ్గార్ రే ఈ పద్ధతికి శ్రీకారం చుట్టాడు. యంత్రాలు అక్కరలేనిది కనుక ఇది 'ఖర్చులేని వైద్యం'గా ప్రసిద్ధి పొందింది. అయితే ఆ ఖర్చు నిజంగా లేకుండా పోయిందా, లేక ఆసుపత్రి లెక్కలనుంచి తల్లి లెక్కలోకి మారిందా అన్నది విచారించవలసిన అంశం. నాగర్‌కర్నూల్ జిల్లా (2016కు పూర్వం మహబూబ్‌నగర్ జిల్లా) అమ్రాబాద్ ప్రాంత జీవన పరిస్థితుల ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది.

2. పదిహేడు గంటల ప్రశ్న

ఈ పద్ధతి ప్రాణాలు నిలుపుతుందనడంలో సందేహం లేదు. భారత్, ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాల్లోని ఐదు ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. పుట్టిన వెంటనే ఈ సంరక్షణ పొందిన శిశువుల్లో 28 రోజుల లోపు మరణాలు 12 శాతం కాగా, ఆరోగ్యం నిలకడగా మారిన తరువాతనే దీన్ని ప్రారంభించిన శిశువుల్లో అవి 15.7 శాతం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని పుట్టిన వెంటనే మొదలుపెట్టి, రోజుకు 8 నుంచి 24 గంటలు కొనసాగించాలని సూచించింది.

అదే అధ్యయనంలోని మరొక అంకె అంతగా చర్చకు రాలేదు. మొదటి వర్గపు శిశువులు ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్నకాలంలో రోజుకు సుమారు 17 గంటలు ఎవరో ఒకరి గుండెమీద ఉన్నారు. తల్లికి తోడుగా మరో కుటుంబసభ్యుడు ఆ బాధ్యతను పంచుకొనే ఏర్పాటు, శిశువు పక్కనే తల్లికి మంచం అందులో భాగాలు. మరణాల శాతం వైద్య ఫలితాన్ని చెబుతుంది. ఆ పదిహేడు గంటలు ఎవరి పనిదినాలనుంచి వచ్చాయో, వాటి నష్టాన్ని ఎవరు భరించారో చెప్పదు.

3. అమ్రాబాద్ జీవన నేపథ్యం

నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమి చెంచుల ఆవాసం. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లో ఇక్కడ క్షేత్రపరిశోధన చేసి, 1943లో వారిపై గ్రంథం ప్రచురించాడు. ఏనాటి ఆహారం ఆనాడే సేకరించుకొనే, నిల్వలు అరుదైన జీవనవిధానం ఆనాటి చెంచులది. నేడు రేషన్ బియ్యం, కూలిపని తోడైనప్పటికీ తేనె, తపసి బంక, చింతపండు, ఉసిరి వంటి అటవీ ఫలసాయం చాలా కుటుంబాలకు ఆధారంగానే ఉంది. నిల్వలేని ఇంట్లో తల్లి కూర్చుండిపోవడమంటే రాబడిలో ఒక భాగం ఆగిపోవడమే.

దూరం రెండవ అంశం. అప్పాపూర్ వంటి పెంటలు పెద్దపులుల అభయారణ్యం లోపల ఉన్నాయి. నెలలు నిండని శిశువుకు ప్రత్యేక చికిత్స కావాలంటే అడవి దాటి పట్టణానికి చేరాలి. శిశువుతో తల్లి, తల్లితో ఒక తోడు వెళితే ఇంటివద్ద పెద్దపిల్లలను చూసేవారు కావాలి. అమ్మమ్మో నాయనమ్మో ఆ తోడైతే ఆమె కూలి కూడా పోతుంది. పాలమూరు ప్రాంతానికి చిరపరిచితమైన వలస వల్ల భర్త దూరాన ఉన్న ఇళ్లలో ఈ భారం మరింత పెరుగుతుంది.

4. సాంస్కృతిక వివరణల పరిమితి

ఈ పద్ధతి అమలుకాని చోట 'అవగాహన లేదు' అని తల్లిని తప్పుపట్టడం పరిపాటి. దానికి భిన్నంగా, 'అడవిబిడ్డలకు బిడ్డను హత్తుకోవడం సహజమే' అనే వాదమూ ఉంది. ఈ రెండూ సమయమనే అంశాన్ని విస్మరిస్తాయి. పురిటిగదిలో కుంపటి పెట్టే తెలుగు సమాజానికి పసికందుకు వెచ్చదనం అవసరమన్నది కొత్త విషయం కాదు. అలాగని బిడ్డను చంకన వేసుకొని పనిచేయడమూ, బట్టలు అడ్డులేకుండా ఎదపై గంటలతరబడి నిలపడమూ ఒకటి కావు. పరాయివారు తిరిగే వార్డులో రవిక విప్పి కూర్చోవడానికి తల్లి సంకోచించడం, బిడ్డను మోయడం ఆడవారి పనేనన్న భావంతో తండ్రి వెనకాడటం నిజమైన అవరోధాలే. కాని తెర, పక్కన మంచం, తండ్రికి ప్రవేశం వీటిని చాలావరకు తొలగించగలవు. అందువల్ల వీటిని సంస్కృతి ఖాతాలో మాత్రమే వేయడం సరికాదు.

5. ప్రసూతి సహాయంలోని వెలితి

2017 సవరణతో సంఘటితరంగ మహిళకు 26 వారాల వేతనంతో కూడిన ప్రసూతి సెలవు లభించింది. అడవిలో బంక ఏరే స్త్రీకి యజమాని లేడు కనుక సెలవూ లేదు. 2013 నాటి ఆహారభద్రతా చట్టం ఆమెకు కనీసం 6,000 రూపాయల ప్రసూతి సహాయాన్ని నిర్దేశించింది. తెలంగాణలో 2017లో ప్రవేశపెట్టిన కేసీఆర్ కిట్ పథకం మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలను విడతలుగా ఇచ్చే విధంగా రూపొందింది. కూలి నష్టాన్ని గుర్తించడం ఆ పథకం విశిష్టత. అయితే ఆ మొత్తం నెలలు నిండి పుట్టిన బిడ్డకూ నిండక పుట్టిన బిడ్డకూ ఒక్కటే. ఆసుపత్రిలో గడిపిన అదనపు రోజులకు, తోడుగా వచ్చినవారి కూలికి అందులో లెక్క లేదు.

6. ఉపసంహారం

హర్యానాలో 8,402 మంది తక్కువ బరువు శిశువులపై జరిగి, 2019లో వెలువడిన అధ్యయనం ఇంటివద్ద ప్రారంభించిన ఈ సంరక్షణ కూడా 28 రోజుల లోపు మరణాలను సుమారు 30 శాతం తగ్గించిందని నిరూపించింది. అక్కడ కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి తల్లులకు అండగా నిలిచారు. పెంటలవంటి ఆవాసాలకు ఈ మార్గం ఆశాజనకమే. కాని ఇంట్లో ఉన్నంతమాత్రాన తల్లికి తీరిక దొరకదు. నీళ్లు, కట్టెలు, వంట, కూలి ఆమెకోసం ఎదురుచూస్తూనే ఉంటాయి.

కాబట్టి కంగారూ సంరక్షణను ఖర్చులేని వైద్యం అనడం అసంపూర్ణ సత్యం. ఆ ఖర్చు తల్లి సమయం రూపంలో ఉంది. శిశువు ఎదపై ఉండవలసిన దినాలకు తల్లికీ తోడుకీ కూలి పరిహారం, ఇద్దరికీ భోజనం, ప్రయాణ వసతి కల్పించినప్పుడే ఈ పద్ధతి పేదింటి బిడ్డకు పూర్తిగా అందుతుంది. ఎంతమంది తల్లులకు అవగాహన కల్పించారన్నది కాక, ఎన్ని గంటలు నిశ్చింతగా కూర్చోగల వీలు కల్పించారన్నదే దీని అమలుకు సరైన కొలమానం.