మీ వేగంలో చదువు: ఎవరికి లాభం?

ఆన్‌లైన్ కోర్సుల గురించి మీరు రెండు రకాల మాటలు వినే ఉంటారు. ఇక కాలేజీలతో పనిలేదని కొందరంటారు. తెర మీద చదువు చదువే కాదని మరికొందరంటారు. ఏది నిజం? అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీలో 2012-13 విద్యాసంవత్సరంలో జరిగిన రెండు ప్రయోగాలను పరిశీలిద్దాం.

అక్కడ విద్యుత్ వలయాల సబ్జెక్టులో ఏటా చాలామంది తప్పేవారు. 2012 చివరలో ఒక సెక్షన్‌లో పద్ధతి మార్చారు. విద్యార్థులు ఎమ్.ఐ.టి. వారి వీడియో పాఠాలను ఇంటి దగ్గరే చూసిరావాలి. అర్థంకానిచోట ఆపుకోవచ్చు, మళ్ళీ చూడవచ్చు. తరగతిలో మాత్రం ఉపన్యాసం బదులు, చిన్న జట్లుగా కూర్చొని లెక్కలు చేయాలి. సందేహం వస్తే అధ్యాపకుడు పక్కనే ఉంటాడు. దీన్నే మిశ్రమ బోధన అంటారు. ఆ సెక్షన్‌లో 91 శాతం మంది ఉత్తీర్ణులయ్యారు. మామూలు సెక్షన్లలో ఉత్తీర్ణత 60 శాతం కూడా దాటలేదు.

రెండవ ప్రయోగం 2013 జనవరిలో మొదలైంది. ఉడాసిటీ అనే సంస్థతో కలిసి మూడు గణిత కోర్సులను పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిపారు. మూడింటిలోనూ మామూలు తరగతులకంటే తక్కువమంది ఉత్తీర్ణులయ్యారు. జులైలో విశ్వవిద్యాలయం ఈ ప్రయోగానికి విరామం ప్రకటించింది.

అయితే తొందరపడి తీర్పు చెప్పకండి. మొదటి ప్రయోగంలో ఉన్నవారు ఇంజనీరింగ్ విద్యార్థులు. రెండవదానిలో అంతకుముందు గణితంలో తప్పినవారూ, ఇంకా హైస్కూలు దాటనివారూ ఉన్నారు. అదే ఏడాది వేసవిలో ఆన్‌లైన్ కోర్సుల ఫలితాలు మెరుగుపడ్డాయి. కాని ఈసారి చేరినవారిలో సగానికి పైగా అప్పటికే డిగ్రీ ఉన్నవారు! పోల్చే రెండు గుంపులూ ఒకే రకమైనవి కానప్పుడు, తేడా అంతా పద్ధతి వల్లనే వచ్చిందని విజ్ఞానశాస్త్రం ఒప్పుకోదు.

మరి ఈ ప్రయోగాల నుంచి మనం నేర్చుకునేదేమిటి? వసంతకాలపు కోర్సులపై జరిగిన అధ్యయనంలో, విద్యార్థి చేసిన కృషే, అంటే లెక్కలు చేసి పంపడం వంటివే, ఉత్తీర్ణతను ఎక్కువగా నిర్ణయించాయని తేలింది. ఆన్‌లైన్‌లో సహాయం దొరుకుతుందన్న సంగతి కూడా చాలామందికి సరిగా తెలియదట. మిశ్రమ తరగతిలో ఆ కృషి చేయించేది కాలపట్టిక, పక్కనున్న జట్టు, ఎదురుగా ఉన్న అధ్యాపకుడు. ఒంటరిగా తెర ముందు కూర్చున్నవాడు ఆ మూడు పనులూ తానే చేసుకోవాలి. డిగ్రీ చదివినవారికి ఆ అలవాటు ఉంటుంది. లెక్కల్లో వెనకబడిన కుర్రవాడికి అది ఇంకా అబ్బలేదు. "మీ వేగంలో చదువుకోండి" అనే స్వేచ్ఛ, బలహీనుడి మీదే ఎక్కువ బరువు మోపుతోంది. నా అభ్యంతరం దానికే. వీడియో అధ్యాపకుడి ఉపన్యాసాన్ని తప్పించగలదు కాని, అధ్యాపకుణ్ణి కాదు.

ఇది ఎక్కడో అమెరికా గొడవ అనుకోకండి. మన దేశంలో 2021 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం, ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు 'స్వయం' వేదిక ద్వారా ఆన్‌లైన్‌లో చదవవచ్చు. కనుక చేరేముందు మీ కాలేజీని మూడు ప్రశ్నలు అడగండి: వారంవారం నా లెక్కలు ఎవరు చూస్తారు? సందేహం వస్తే ఎవరిని, ఏ సమయంలో అడగాలి? నేను వెనకబడితే ఎవరు గమనిస్తారు? వీటికి జవాబు లేకపోతే అధ్యాపకుడి గంట కావాలని పట్టుబట్టండి. అది మీ హక్కు.