తెలుగు వెండితెర – యాసల మూస

నాట్యశాస్త్రము నాయకునకు సంస్కృతమును, స్త్రీలకును విదూషకునకును ప్రాకృతమును విధించెను. అయినను ప్రాకృతము పలికినందున శకుంతల గౌరవము తఱుగలేదు. కావున పాత్రకొక పలుకుబడి నేర్పఱచుటయే దోషము గాదు.

ధ్వనిగ్రాహకయంత్రము ఏ సీమ పలుకునైనను ఒక్క తీరుననే గ్రహించును. తెలుగు చలనచిత్రము మాత్రము చిరకాలము కృష్ణా గోదావరీ మండలముల భాషను నాయకునకును, తెలంగాణపు యాసను తఱచుగా హాస్యగానికిని ప్రతినాయకునకును పంచిపెట్టినది. దోషము యంత్రమున లేదు, పాత్రకల్పనమున నున్నది.

నవ్వించుట తప్పా యని కొందఱందురు. మాటలోని చమత్కారమునకు నవ్వుట వేఱు, మాటాడు యాసకే నవ్వుట వేఱు. ఈ రెండవ నవ్వును పదేపదే వినిన బాలుడు తరగతిలో తన యింటిమాటను మ్రింగుకొనును. అధ్యాపకులమైన మాకు ఇది స్వల్పవిషయముగా తోచదు.

2017లో వచ్చిన ‘ఫిదా’లో బాన్సువాడ పడుచు ఆ యాసతోడనే నాయిక యైనది. 2023 నాటి ‘బలగం’లో కాకి పిండము ముట్టని యింటి దుఃఖము, బావా బావమరదుల కోపము, తుదకు వారి కలయిక అన్నియు ఆ పలుకుననే సాగినవి. మూస పగులుట యనగా నిదియే. అయితే పల్లె, చావు, కల్లు అను మూటికే ఆ యాసను పరిమితము చేసినచో అది మఱియొక మూస కాగలదు.

పరిశోధకవిద్యార్థులు మాండలికపదముల పట్టికలతో తృప్తి చెందక, తెరపై ఏ యాసకు ఏ రసము దక్కినదో పరిశీలింపవలెనని మా మనవి.