గద్వాల ఏ జిల్లాలో ఉంది?

ఎవరైనా ఈ ప్రశ్న వేస్తే ఏ సంవత్సరం సంగతని ఎదురడగాలి. 1956 దాకా గద్వాల, అలంపూర్ తాలూకాలు రాయచూరు జిల్లావి. రాష్ట్రాల పునర్విభజనతో మహబూబ్‌నగర్‌లో కలిశాయి. 2016 అక్టోబర్ 11న వనపర్తి, నాగర్‌కర్నూల్‌తో పాటు గద్వాల కూడా జిల్లా అయింది. ఊళ్లు ఉన్నచోటే ఉన్నాయి, హద్దులే మారాయి. డేటాబేస్ బ్యాకప్‌లు చూసుకునే నాకు ఈ చరిత్రతో రోజూ పని పడుతుంది.

పెద్ద టేబుల్‌ను ముక్కలుగా, మా రికార్డులకైతే జిల్లాకొకటిగా, విడగొట్టడాన్ని పార్టిషన్ అంటాం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో తల్లి టేబుల్‌కు హద్దులు చెప్పి పిల్ల టేబుళ్లు కట్టే పద్ధతి 2017లో పదో వెర్షన్‌తో వచ్చింది. వనపర్తి రికార్డు కావాలంటే వనపర్తి ముక్క ఒక్కటి వెతికితే చాలు. చిక్కంతా బ్యాకప్ దగ్గరే. తల్లి టేబుల్ పేరు మాత్రమే చెప్పి డంప్ (బ్యాకప్ ఫైలు) తీస్తే ఖాళీ చట్రం వస్తుంది, డేటా అంతా పిల్లల్లోనే ఉండిపోతుంది. పిల్లల్ని కూడా వెంట తెచ్చే ఆప్షన్ పదహారో వెర్షన్‌కు గానీ రాలేదు. ఎర్రర్ ఏమీ కనిపించదు, ఫైలూ తయారవుతుంది. అందుకే నేను ఫైలును చూసి నమ్మను. వేరే సర్వర్ మీద రిస్టోర్ చేసి, జిల్లాలవారీగా రికార్డులు లెక్కపెట్టి, అసలు దానితో సరిపోతేనే బ్యాకప్ ఉందంటాను.

అంతకన్నా పెద్ద చిక్కు హద్దులు మారినప్పుడు వస్తుంది. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా విడిపోయింది. అంతకుముందు తీసిన డంప్‌ను ఇప్పటి టేబుళ్లలోకి ఎక్కిస్తే మక్తల్ రికార్డు పాత అలవాటుగా మహబూబ్‌నగర్ ముక్కలోకే పోబోతుంది. ముక్కల హద్దులు ఊరి కోడ్‌ను బట్టి ఉంటే, హద్దు దాటిందని డేటాబేస్ ఒప్పుకోదు, ఆ ముక్క లోడింగే ఆగిపోతుంది. పదకొండో వెర్షన్ నుంచి దీనికి మందుంది: రికార్డులన్నీ తల్లి టేబుల్ మీదుగా వెళ్లాలని డంప్ తీసేటప్పుడే చెప్పొచ్చు. ఏది ఏ ముక్కలోకి పోవాలో అప్పుడు డేటాబేసే తేలుస్తుంది.

అయితే దేన్ని చూసి తేలుస్తుంది? జిల్లా పేరు చూసి అయితే పాత రికార్డు మళ్లీ మహబూబ్‌నగర్‌లోకే చేరుతుంది, అదీ ఏ ఎర్రరూ లేకుండా. ఊరి కోడ్‌ను బట్టి ముక్కలు కడితే సరైన చోటికి వెళుతుంది. కాగితం రికార్డుల్లోనూ ఇదే తీరు. భూమి తగాదా వస్తే మన రైతులు నేటికీ 1954–55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీ నకలు కోసం తిరుగుతారు. గద్వాల వైపు ఊళ్లు అప్పటికింకా రాయచూరు జిల్లాలోనే ఉన్నాయి. అయినా ఆ కాగితం నేటికీ పనికొస్తోందంటే, దాన్ని వెతికేది ఊరి పేరు, సర్వే నంబరు పట్టుకుని కాబట్టే.

పార్టిషన్‌కు ఏ కాలమ్ ఎంచుకోవాలో వేగం లెక్కలతోనే తేల్చేస్తుంటారు. రిస్టోర్ చేయాల్సిన రోజును కూడా లెక్కలోకి తీసుకోవాలంటాను. పదేళ్ల తర్వాత కూడా మారనిదాన్నే ఎంచుకోవాలి. ఏ ఊరు ఆనాడు ఏ జిల్లా కింద ఉందో చెప్పే పట్టికను, తేదీ వేసి, ప్రతి డంప్‌తో పాటు దాచాలి.