మెండెల్సన్ స్వరపరచిన 42వ కీర్తన

బైబిలులోని 42వ కీర్తన ఆద్యంతం నీటిని గూర్చిన కావ్యం. మొదట నీరు లేదు. వాగుకై అలమటించే దుప్పివలె భక్తుని ఆత్మ దేవునికై తపిస్తున్నది. పిమ్మట అతనికి దొరికిన నీరు కన్నీరే. ఆపైన అగాధాలు ఒకదానినొకటి పిలుచుకొంటాయి, తరంగాలు అతని తలమీదుగా పొర్లిపోతాయి. దప్పిగొన్నవాడే మునిగిపోతున్నాడు! దేవుడేడీ అని వైరులు చేసే ఎగతాళికి అతడు బదులు చెప్పడు. క్రుంగిపోతున్న తన ప్రాణాన్నే మందలించి, ఆశ విడువవద్దంటాడు. ఈ పల్లవి ఇక్కడ రెండుసార్లు, 43వ కీర్తనలో మూడవసారి వస్తుంది. అందువల్లనే రెండూ ఒకే గీతమని పండితులు పలువురు తలుస్తారు. మందలింపు మరల మరల కావలసివచ్చినదంటే అది ఫలించలేదనే గదా.

జర్మన్ సంగీతకర్త ఫెలిక్స్ మెండెల్సన్ 1837లో, పెండ్లి అయిన కొత్తలో, ఈ కీర్తనను సొప్రానో అనే ఉచ్చస్థాయి స్త్రీకంఠానికి, బృందగానానికి, వాద్యసమూహానికి స్వరపరచినాడు. 1838 జనవరి 1న లైప్‌జిగ్‌లోని గెవాంట్‌హౌస్ సభలో దానిని వినిపించారు. మెండెల్సన్ క్రైస్తవ సంగీతంలో అందుకొన్న శిఖరం ఇదేనన్నట్లు షూమన్ మెచ్చుకొన్నాడు.

తొలి బృందగానంలో దాహం కంటె ప్రశాంతియే హెచ్చుగా వినిపిస్తుంది. వధూవరుల విహారకాలంలో పుట్టిన దప్పి గనుక కాబోలు, అది గొంతు ఎండబెట్టదు. తరువాతి ఏకగానంలో ఓబో వాద్యం సొప్రానోకు తోడై నడిచేటప్పుడు గాని వేదన మన దరికి రాదు.

కృతికి ప్రాణం ఆరవ భాగంలో ఉన్నది. నలుగురు పురుషులు దేవుని కృపను గూర్చి నెమ్మదిగా, నిబ్బరంగా పాడుతారు. ఆ పాట సాగుతూండగానే సొప్రానో తన దిగులును, తనను మరచితివేమని దేవునిపై మోపిన నిష్ఠురాన్ని విడువక పాడుతుంది. వారు ఆమెను వారించరు. ఆమె వారి మాట ఒప్పుకొనదు. కవి ఆశను ఒక చరణంలో, నిరాశను మరొక చరణంలో చెప్పవలసినదే. మాటకు ఆ రెండింటినీ ఒక్క క్షణంలో పలికే వీలు లేదు. ఏకస్వర సంప్రదాయంలో పెరిగిన మన చెవికి ఇది మొదట చిక్కుగా తోచవచ్చును. కాని తనతో తాను వాదులాడే ఆత్మకు ఇంతకంటె నిజమైన రూపం నాకు కనబడలేదు.

ఏడవ భాగంలో ఈ సాహసం సడలినది. పల్లవిని బృందమంతా ఎలుగెత్తి పాడిన పిమ్మట, 42వ కీర్తనలో లేని స్తుతివాక్యం ఒకటి చేరి విజయఘోషగా పెరుగుతుంది. సభను రంజింపజేసే ముగింపే అది. అయితే మూలకవి జయించలేదు, ఎదురుచూస్తూ నిలిచిపోయినాడు. ఆ నిరీక్షణను స్వరకర్త తొందరపడి తీర్చివేసినాడని నా అభిప్రాయం. చేర్చిన మాటలు స్తుతించేది ఇశ్రాయేలు దేవునే. 1783లో కీర్తనల జర్మన్ అనువాదాన్ని ప్రకటించిన యూదు తత్త్వవేత్త మోజెస్ మెండెల్సన్ ఈ స్వరకర్తకు తాత. మనుమడికి మాత్రం 1816లో, ఏడేండ్ల ప్రాయంలో, బాప్తిస్మం జరిగినది.