ఏ పని చేసొచ్చిన బండి?

మా నెల్లూరు జిల్లా రైతుకు వేలం కొత్తేమీ కాదు. కలిగిరిలో, డీసీ పల్లిలో పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి. కొనేవాళ్లు బేలు ముందు ఆగి, ఆకు లాగి, నలిపి చూసి ధర చెప్పేదాకా రైతు పక్కనే నిలబడి ఉంటాడు. ఏడాది కష్టం ఆ కాసేపూ ఎదుటివాడి వేళ్ల మధ్య ఉంటుంది. అదే రైతు పాత ట్రాక్టరు వేలానికి పోతే కొనేవాడి వైపుకు మారతాడు. మారతాడు గానీ, పొగాకు కంపెనీ మనిషి దగ్గర ఇన్నేళ్లు చూసిన పనితనం అక్కడ గుర్తుకు రాదు. మెరిసే రంగు, కొత్త సీటు చూసి పాట పెంచేస్తాడు.

మా జలదంకి నుంచి పాత బండి కోసం బయల్దేరేవాళ్లు నెల్లూరు వైపో ఒంగోలు వైపో యార్డులకు పోతారు. వాయిదాలు ఆగిపోతే ఫైనాన్సు వాళ్లు పట్టుకొచ్చి నిలిపిన బండ్లవి. ధరావతు కడితే పాటలోకి రానిస్తారు. ఈమధ్య పాట కూడా ఫోన్లోనే నడుస్తోంది. షరతు మాత్రం పాతదే: ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటే. గేటు దాటాక గేరు పడలేదని వెనక్కి వస్తే పలికేవాడుండడు. చాలా బండ్లకు బ్యాటరీ కూడా ఉండదు, స్టార్టు చేసి చూసే వీలే లేదు.

అందుకే నేనెప్పుడూ ఒక్కణ్ణే పోను, ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రిని వెంటబెట్టుకుని పోతాను. స్టార్టయ్యే బండి ఉంటే ఆయన ముందు ఇంజను మీద అరచెయ్యి ఆనిస్తాడు. వెచ్చగా తగిలిందా, మనకంటే ముందే ఎవరో వేడి చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజను ఎట్ట అందుకుంటుందో చూస్తేనే దాని బలం తెలిసేది. తర్వాత ఆయిల్ పుల్ల తీసి చూస్తాడు. ఆయిలు పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే అందులోకి నీళ్లు దిగుతున్నట్టే. ఆ బండి దగ్గర ఇక నిలబడడు.

కంపెనీని పోల్చుకోవడం పెద్ద విద్య కాదు. రేకులూ స్టిక్కర్లూ మారతాయి గానీ పోత మారదు. పాత ఐషర్‌కు రేడియేటరే లేదు. 1959లో ఫరీదాబాదులో జర్మన్ ఐషర్ సాయంతో మొదలైన ఆ బండ్లు గాలితోనే చల్లబడతాయి, సిలిండరు చుట్టూ రెక్కలుంటాయి. 1960లో చెన్నైలో పెట్టిన టాఫే వాళ్ల మాసీ 1035 అయితే సింప్సన్ ఇంజను, మూడు సిలిండర్లు. 275 అనే అంకె దగ్గర మాత్రం చాలామంది తడబడతారు. మహీంద్రా వాళ్లు 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్‌లతో కలిసి కంపెనీ పెట్టి తెచ్చిన పాత బి-275కి నాలుగు సిలిండర్లు. తర్వాత వచ్చిన 275 డీఐకి మూడు. బానెట్ మీద రాత చదివి లాభం లేదు, నాజిల్ పైపులు లెక్కపెట్టాలి.

కానీ మా మెట్టలో అసలు ప్రశ్న ఏ కంపెనీ, ఏ సంవత్సరం అన్నది కాదు. ఈ బండి ఇన్నాళ్లూ ఏ పని చేసింది? అది తెలిస్తే ఎక్కడ అరిగిందో, ఎంత ఖర్చు పెట్టాలో తెలిసిపోతుంది.

కావలి కాలువ కింద, చెరువుల కింద దమ్ము చేసిన బండి సంగతి వెనక ఇరుసు చెబుతుంది. ఇనప చక్రాలు తగిలించి మోకాలి లోతు బురదలో తిప్పితే సీళ్లు పోతాయి. నీళ్లు, మట్టి లోపలికి చేరి బేరింగులు, బ్రేకులు తింటాయి. పైనుంచి ఎంత కడిగినా ఇరుసు అడుగున, బోల్టు తలల సందుల్లో ఎండిన బురద మిగిలే ఉంటుంది. వేలు పెట్టి గోకితే వస్తుంది. కలిగిరి, కొండాపురం వైపు మెట్ట దున్నిన బండికి ఆ బాధ లేదు, దానికి దుమ్ము దెబ్బ. ఎయిర్ క్లీనరు గిన్నెలో ఆయిలు మార్చకుండా వేసవి దుక్కులు దున్నితే ఆ దుమ్ము లైనర్లను గీరేస్తుంది. ఇంజను బోరుకొచ్చి నీలంపొగ మొదలవుతుంది. పెన్నలో ఇసుక తోలిన బండైతే వెనక హుక్కులో పిన్ను పట్టే బెజ్జం గుండ్రంగా ఉండదు, సాగిపోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. దాని క్లచ్చి ఏ స్థితిలో ఉందో వేరే అడగనక్కర్లేదు. రోటావేటరు బాగా తిప్పిన బండికి పీటీవో షాఫ్టు పళ్లు అరిగి పదును తేలతాయి. అవర్ మీటరు మాత్రం నేను చూడను. అది పనిచేస్తున్న పాత బండి కనబడితే నాకు అనుమానమే ఎక్కువవుతుంది.

బండి ఏ దిక్కునుంచి వచ్చిందో తెలుసుకోవడానికి ఇంకో దారి ఉంది, ఏ కంపెనీ పుస్తకంలోనూ దొరకదు. కొత్త రంగు కింద పాత అక్షరాలు ఉబ్బి కనిపిస్తాయి. ఎండ ఏటవాలుగా పడేటప్పుడు బానెట్ పక్కకు వంగి చూడాలి. నర్రవాడ వెంగమాంబ పేరుంటే ఉదయగిరి, దుత్తలూరు మెట్ట నుంచి దిగిన బండి. పెంచలకోన స్వామి అయితే రాపూరు వైపు. మాలకొండ స్వామి పేరుంటే కందుకూరు వైపు. కాశినాయన అని ఉంటే సీతారామపురం అవతల, కడప జిల్లా కొండల దాపున తిరిగి ఉండొచ్చు. దేవుడు తెలిస్తే నేల తెలుస్తుంది, నేల తెలిస్తే పని తెలుస్తుంది. గురి తప్పే సందర్భాలూ ఉంటాయి, భక్తికి మండలాల హద్దుల్లేవు కదా. అయినా స్టిక్కరు కంటే ఆ అక్షరాలనే నేను ఎక్కువ నమ్ముతాను.

బండ్లు ఇట్ట జిల్లాలు దాటడానికి ఓ కారణం ఉంది. సొంత ఊరివాడి బండిని వేలంలో పాడటానికి మావాళ్లు జంకుతారు. ఉసురు తగులుతుందంటారు. మూడేళ్లు వరసగా వాన మొహం చాటేసి, వాయిదా తప్పి పోగొట్టుకున్న బండి రోజూ పాత ఆసామి ఇంటి ముందు నుంచే పొలానికి పోతుంటే ఎవరికైనా ఎట్ట ఉంటుంది? అందుకని మా బండ్లు వేరే జిల్లావాళ్లు కొంటారు, వాళ్ల బండ్లు మేం కొంటాం. ఉసురు సంగతి నేను కొట్టిపారేయను. కాకపోతే ముఖం తెలియనివాడి ఉసురు తగలదన్న లెక్క ఎవరు వేశారో గానీ, అది కొనేవాళ్లకు అనువైన లెక్కే.

కాగితాల దగ్గర మేస్త్రి పని అయిపోయి నా పని మొదలవుతుంది. ఏపీ 26 అంటే నెల్లూరు నంబరు, 1989 తర్వాతది. ఏపీ 39 అయితే 2019 నుంచి రాష్ట్రమంతా ఒకటే, జిల్లా తెలియదు. చాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు పడుతుంది. రవాణా ఆఫీసుకు కావాల్సిందీ అదే. నేను పాటకు ముందే రుద్దుకుంటాను. అంకెలు ఒకే వరసలో, ఒకే లోతులో ఉన్నాయా? చుట్టూ గ్రైండరు పట్టిన జాడ ఉందా? కాగితం మీద అది కంటికంటే బాగా తెలుస్తుంది. ఫైనాన్సు వాళ్ల నిరభ్యంతర పత్రం చేతికి రానిదే ఆర్‌సీ మన పేరుకు మారదు. వెనక తగిలించే ట్రక్కుకు వేరే నంబరుంటుంది, అది మర్చిపోయి ఇంజను కాగితాలతో ఇంటికొచ్చేవాళ్లున్నారు.

పాత బండ్ల వేలం మన దగ్గరే కాదు, ఇంగ్లండులోనూ ఉంది. అక్కడ ఈలీ దగ్గర సట్టన్‌లో చెఫిన్స్ అనే సంస్థ పాత ట్రాక్టర్లను వేలం వేస్తుంది. అక్కడి జనానికి ఇష్టమైన బండ్లలో బూడిద రంగు ఫెర్గూసన్ టీఈ20 ఒకటి. 1946 నుంచి 1956 దాకా కోవెంట్రీలో ఐదు లక్షలకు పైగా చేశారు. 1958లో ఎడ్మండ్ హిల్లరీ దక్షిణ ధ్రువానికి పోయింది వాటి మీదే. మన మాసీ 1035 ఆ వంశంలోదే. అక్కడ నంబరు ప్లేటు అసలుదై, రంగు వెలిసినా కంపెనీ వేసిందే అయితే ధర పెరుగుతుంది. మనకు ఆ మోజు ఉండాలనను. ఇంకా దున్నుతున్న బండిని అద్దాల గదిలో పెట్టేదెవరు? కానీ కొన్ని బండ్లు పాత ఇనుము కింద పోతుంటే నాకు మనసొప్పదు. 1971లో చెకొస్లోవేకియా జెటార్ నమూనాతో పింజోర్‌లో హెచ్ఎంటీ మొదలుపెట్టిన 25 హార్స్‌పవర్ 2511 అలాంటిది. 2016లో ఆ ట్రాక్టర్ల విభాగాన్నే మూసేయాలని కేంద్రం తేల్చేసింది. ఇక కొత్తది రాదు.

మొన్నామధ్య ఒక యార్డులో అలాంటిది ఒకటి కనబడింది. టైర్లు లేవు, పోత మాత్రం చెక్కుచెదరలేదు.

"కొంటే ఏం చేస్తావన్నా దీన్ని?" అన్నాడు మేస్త్రి.

"ఏమీ చెయ్యను. ఉంచుతా."

"ఆడ దూడల కొట్టం పక్కన ఉంచుతావా? వదినమ్మ నిన్ను కూడా ఆడనే పెడుతుంది."

నేను కొంతదాకా పాడాను. పాత ఇనుము వ్యాపారి కిలోల లెక్కన అంతకు మించి పోయాడు. నేను ఆపేసి వెనక్కి తిరిగి చూస్తే మేస్త్రి నా పక్కన లేడు. అప్పటికే ఆ వ్యాపారి దగ్గర చేరి, హైడ్రాలిక్ పంపు ఒక్కటీ విడిగా ఇస్తే ఎంతకిస్తావని బేరం పెట్టాడు.