మనాబే పనితనం

ఒకే ఒక్క నిలువు గాలి స్తంభం. అందులో తూర్పూ పడమరా లేవు, రాత్రీ పగలూ లేవు, ఖండాలూ సముద్రాలూ లేవు. పైనుంచి పడే ఎండ, కింది నుంచి పైకి పోయే వేడి, మధ్యలో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, ఓజోన్. ఈ కాస్త సరంజామాతో శాస్త్రవేత్తలు సుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ 1967లో భూతాపం లెక్క తేల్చేశారు. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే నేల మట్టాన సుమారు 2.3 డిగ్రీల సెల్సియస్ వేడి పెరుగుతుందన్నారు. శీతోష్ణస్థితి శాస్త్రంలో ఇంత పొందికైన వ్యాసం నేను మరొకటి చదవలేదు. ఈ మాట నా ఒక్కడిదే కాదు. ఈ రంగాన్ని మలుపు తిప్పిన వ్యాసం ఏదని 2015లో ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు నిపుణుల సంఘం) నివేదికల రచయితలను అడిగితే, ఎక్కువ ఓట్లు దీనికే పడ్డాయి.

మనాబే 1931లో జపాన్‌లోని ఎహిమే ప్రాంతంలో ఒక పల్లెలో పుట్టారు. టోక్యోలో చదువు ముగించి, 1958లో అక్కడి వాతావరణ శాస్త్రవేత్త జోసెఫ్ స్మగొరిన్‌స్కీ పిలుపు మీద అమెరికా వెళ్లారు. తర్వాత ప్రిన్స్‌టన్‌కు చేరిన అమెరికా ప్రభుత్వ ప్రయోగశాల జీఎఫ్‌డీఎల్ ఆయన కార్యక్షేత్రం. 2021లో, తొంభై ఏళ్ల వయసులో, భౌతికశాస్త్ర నోబెల్‌లో భాగం దక్కింది. చాలా ఆలస్యంగా దక్కిందని నా అభిప్రాయం.

ఆయన పనితనం ఎక్కడుందో చూడండి. గాలికి కదలిక లేదనుకుని కిరణాల లెక్క ఒక్కటే వేస్తే నేల మట్టాన ఉష్ణోగ్రత 60 డిగ్రీలకు చేరువలో తేలుతుంది. వేడెక్కిన గాలి పైకి లేచి ఆ వేడిని మోసుకుపోతుంది కాబట్టే మనం బతికి ఉన్నాం. అలా లేచే ప్రతి గాలి తెరనూ, ప్రతి మేఘాన్నీ లెక్కలోకి తేవడం ఆనాటి కంప్యూటర్ల తరం కాదు. మనాబే ఒక్క నియమం పెట్టారు. ఎత్తు పెరిగేకొద్దీ ఉష్ణోగ్రత కిలోమీటరుకు 6.5 డిగ్రీలకు మించి పడిపోబోతే, అక్కడ గాలి కలిసిపోయిందనుకుని వేడిని పైకీ కిందికీ సర్దెయ్యాలి. అంతే! 1964లో రాబర్ట్ స్ట్రిక్లర్‌తో కలిసి ఈ పద్ధతిలో లెక్క వేస్తే, మనం ఉండే పొర, దాని మీద స్ట్రాటో ఆవరణం దాదాపు నిజంగా ఉన్నట్టే తేలాయి.

రెండో ఒడుపు తేమది. గాలిలో ఆవిరి ఎంతుందో అంతే ఉంటుందనుకుంటే కార్బన్ డయాక్సైడ్ రెట్టింపుకు పెరిగే వేడి 1.3 డిగ్రీలే. కానీ వెచ్చబడిన గాలి ఇంకాస్త ఆవిరిని పట్టుకుంటుంది, ఆ ఆవిరి మరికాస్త వేడిని ఆపుతుంది. అందుకే మనాబే ఆవిరి పరిమాణాన్ని వదిలేసి సాపేక్ష ఆర్ద్రతను స్థిరంగా ఉంచారు. వేడి 2.3కు చేరింది. అంతకుముందు జర్మన్ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ మోలర్ నేల దగ్గరే జమాఖర్చులు చూడబోతే జవాబు ఎటుపడితే అటు పోయింది. వాతావరణం పై అంచున వచ్చే ఎండ, పోయే వేడి సరితూగాలని పట్టుబట్టి మనాబే ఆ చిక్కు విప్పారు. కింద వేడెక్కుతుంటే పైన స్ట్రాటో ఆవరణం చల్లబడుతుందని కూడా అదే లెక్క చెప్పింది. సూర్యుడే కారణమైతే అక్కడా వేడెక్కాలి. భూతాపానికి దోషి ఎవరో ఈ ఒక్క ఆనవాలు పట్టిస్తుంది.

ఈ ఒంటి స్తంభం తర్వాత వచ్చిన త్రిమితీయ కంప్యూటర్ మోడళ్లలోనూ అదే పొదుపు. నేల తేమ కోసం 15 సెంటీమీటర్ల నీరు పట్టే ఒక ఊహా బకెట్ పెట్టారు. నిండితే పొర్లుతుంది, అదే నదుల్లోకి పోయే నీరు. 1969లో సహచరుడు కిర్క్ బ్రయన్ సముద్రం మోడల్ కట్టి ఇస్తే, గాలినీ నీటినీ మొదటిసారి జతచేశారు. 1975లో వెదరాల్డ్‌తో వేసిన లెక్కలో 2.9 డిగ్రీలు వచ్చింది. 2021లో ఐపీసీసీ ఇచ్చిన అంచనా 3 డిగ్రీలు!

అదే 1975లో డగ్లస్ హాన్‌తో కలిసి మనాబే చేసిన ప్రయోగం మనదేశంలో ప్రతి విద్యార్థీ చదవాలి. మోడల్‌లో హిమాలయాలనూ టిబెట్ పీఠభూమినీ తీసేశారు. అల్పపీడనం దూరంగా ఉత్తరానికి జరిగిపోయింది, నైరుతి రుతుపవనాలు ఖండం లోపలికి చొచ్చుకురాలేకపోయాయి. ఆ ఏడే మన శాస్త్రవేత్త జగదీశ్ శుక్లా జీఎఫ్‌డీఎల్ మోడల్‌లో అరేబియా సముద్రాన్ని పడమటి వైపు చల్లబరిచి, భారతదేశం మీద వాన తగ్గడం చూపించారు. బ్రయన్ సముద్ర మోడల్ వంశంలో పుట్టినదే మామ్ అనే మోడల్. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ సముద్ర విశ్లేషణకు వాడింది దాన్నే. రుతుపవనాల ముందస్తు అంచనాకు మనవాళ్లు ఎంచుకున్న సీఎఫ్ఎస్ మోడల్‌లో సముద్రం పాలు కూడా అదే.

ఇంత గొప్ప సంప్రదాయానికి ఇప్పుడు జరుగుతున్నదేమిటి? 2025లో అమెరికా ప్రభుత్వం, జీఎఫ్‌డీఎల్ ఏ పరిశోధన విభాగం కిందికి వస్తుందో ఆ విభాగాన్నే ఎత్తేయాలని బడ్జెట్‌లో ప్రతిపాదించింది. కన్నతల్లి లాంటి ప్రయోగశాలకు ఇదా మర్యాద? ఇక్కడ మన తీరూ గొప్పగా లేదు. మోడల్ డౌన్‌లోడ్ చేసి, నాలుగు సెట్టింగులు మార్చి, రంగుల బొమ్మలు అతికిస్తే పరిశోధన అయిపోతోంది. వాన ఎందుకు పెరిగిందని అడిగితే, మోడల్ అలా ఇచ్చిందంటారు! విశ్వవిద్యాలయాలకు నా విన్నపం ఒక్కటే: పెద్ద మోడల్ అప్పగించే ముందు విద్యార్థి చేత ఒక చిన్న మోడల్ సొంతంగా రాయించండి. ఈనాటి మామూలు లాప్‌టాప్ దానికి చాలు.

ఇంతకన్నా ఘోరం సోషల్ మీడియాలోని నకిలీ వాతావరణ నిపుణులు. వాతావరణ అంచనాలు వేసే జీఎఫ్ఎస్ మోడల్ రోజుకు నాలుగు రన్‌లు, అంటే నాలుగు విడతల లెక్కలు, ఇస్తుంది, 16 రోజుల ముందుదాకా చూపిస్తుంది. అందులో ఒక్క రన్ పట్టుకుని, పన్నెండు రోజుల తర్వాత కోస్తాకు పెను తుపాను అని ఎర్రబాణం గీసి వదులుతారు. ఆరు గంటల తర్వాత రన్‌లో ఆ తుపాను మయన్మార్ వైపు పోతుంది, లేదా మాయమవుతుంది. ఈలోగా చేలో పచ్చి తగ్గని వరిని రైతు హడావుడిగా కోయిస్తాడు. రెండుసార్లు ఇలా మోసపోయాక, నిజమైన హెచ్చరిక వచ్చిన రోజున కదలడు. లైకుల కోసం ఇంత పాపం మూటగట్టుకోవాలా? అలాంటి మ్యాపు మీ ఫోన్‌కు వస్తే పంపినవాణ్ని అడగండి: ఇది ఎన్ని రన్‌లలో వచ్చింది, మిగతా మోడళ్లు ఏమంటున్నాయి, వాతావరణ శాఖ బులెటిన్‌లో ఏముంది? ఈ మూడింటికీ జవాబు లేకపోతే దాన్ని ముందుకు పంపకండి.